పెద్దాయన తీసిన కునుకు

బస్సుల ఆఫీసు మేడ మీద మూలగదిలో ఉన్న సర్వరు అనే పెద్ద కంప్యూటరును, పెట్టిన రోజు నుంచీ ఒక్క క్షణం కూడా ఆపలేదని బాబాయి చెప్పుకునేవాడు. బాబాయి చెప్పే వాటిలో సగం కోతలని ఆఫీసంతా ఎరుగును. మిగతా సగం ఇంకా పెద్ద కోతలు. ఆ కుప్పలో వెతికి వెతికి ఒక్క నిజం పైకి తీయాలంటే అది ఇదే. ఆ సర్వరు నిజంగానే ఎన్నడూ ఆగలేదు.

ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు. కానీ డ్రైవర్లకూ కండక్టర్లకూ, చివరికి ఆయన కంటే రెండు తలవెంట్రుకలు ఎక్కువే నెరిసిన మేనేజరుకు కూడా బాబాయే. జీవితమంతా యంత్రాల ఫ్యాన్ల హోరులో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు బాగా పెరిగిపోయింది. ఇంట్లో భోజనానికి కూర్చుని ఉప్పు అడిగితే, భార్య లేచేలోపు పక్కింటివాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు.

ఆ సర్వరుకు ఆయన పెట్టిన పేరు పెద్దాయన. ఏ బస్సు ఏ దారిన పోవాలి, దాన్ని ఎవరు నడపాలి, స్టాపుల్లో బోర్డుల మీద ఏం కనబడాలి, అన్నీ పెద్దాయన చెప్పాల్సిందే. పొద్దున్నే డ్రైవర్లు డ్యూటీ కాగితం తీసుకునేది పెద్దాయన చేతి నుంచే. ఆఫీసు చూడటానికి ఎవరొచ్చినా బాబాయి మూలగది తలుపు కాస్త తెరిచి, "నెమ్మది. పెద్దాయన పనిలో ఉన్నాడు," అని ఊరు అదిరేలా చెప్పేవాడు.

ఆఫీసులో ఇంత జరిగినా, ఇంటికి వెళ్ళేసరికి కథ తిరగబడేది. మనిషి గదిలోంచి బయటికొస్తే వెలుతురు కూడా వెంట రావాలన్నది ఆయన భార్య పెట్టిన శాసనం. మనం ఆమెను పిన్ని అందాం, మర్యాదగా ఉంటుంది. దీపం వదిలేశాడని, ఫ్యాను వదిలేశాడని పెళ్ళయిన కొత్తలో పిన్ని పెట్టిన చీవాట్లకు ఆయన అరచెయ్యి తనంతట తాను చదువుకుంది. గది దాటుతుంటే చాలు, ఆ చెయ్యి గోడ మీద స్విచ్చుల వరసను ఒక్క ఊపులో కిందికి దువ్వేసేది. బుర్రకు ఆ సంగతి తెలిసేదే కాదు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు, లోపల మనుషులు భోంచేస్తుండగానే చీకటి చేసి వచ్చేవాడు. ఇంట్లో ఏదీ వెలగనివ్వని మనిషి ఆఫీసులో ఒకదాన్ని ఆరనివ్వడు. ఈ వింత ఆయనకు తప్ప అందరికీ కనబడేది.

అందరికంటే ఎక్కువగా కనబడింది మరదలికి. పిన్నికి ఆఖరి చెల్లెలు. అక్క పెళ్ళిలో బావ భుజమెక్కి కూర్చుని దిగనన్న పిల్ల, పెరిగి పెద్దదై అదే ఆఫీసులో చిన్న సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరింది. తానే ఇప్పించానని బాబాయి అంటాడు. పరీక్ష రాసి తెచ్చుకున్నానని ఆమె అంటుంది. టికెట్ల యంత్రం, జీతాల యంత్రం, క్యాంటీను యంత్రం ఆమెవి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసు పలచబడ్డాక, వాటిని ఒక్కొక్కటీ ఆపి, మళ్ళీ లేపి, సరిగ్గా లేచాయో లేదో చూసుకుని ఇంటికి వెళ్ళేది. అందుకని బాబాయి ఆమెకు జోలపాట అని పేరు పెట్టాడు.

"ఏమే జోలపాటా, ఇవాళ ఎవర్ని పడుకోబెట్టావు?" అనేవాడు క్యాంటీనులో టీ గ్లాసు పట్టుకుని.

"అందర్నీ. నీ పెద్దాయన ఒక్కడే మిగిలాడు బావా. పాపం, కళ్ళు ఎర్రబడిపోయాయి."

"అవి దీపాలే. ఎర్రగానే ఉంటాయి. ఒంట్లో బాగున్నవాణ్ణి వారం వారం స్పృహ తప్పించి మళ్ళీ లేపుతావా? డాక్టరువై ఉంటే నిన్ను ఈపాటికి లోపల వేసుండేవాళ్ళు."

"లేవనివాడెవడో ఆదివారం మధ్యాహ్నం నా ఎదురుగా తెలిస్తే నాకు నయం. సోమవారం పొద్దున, ఊరంతా బస్టాపులో నిలబడ్డాక తెలిస్తే ఎవరికి నయం?"

"నడిచేదాన్ని ముట్టుకోకూడదు. అంతే. ఇంజను నడుస్తుండగా బాగుచేసిన మొనగాణ్ణి నేను."

"ఆ కథ విన్నాను. అందులో ఇంజను నీకు దండం కూడా పెట్టింది."

ఒకసారి మాత్రం పైచెయ్యి బాబాయిదే అయింది. మరదలు జ్వరంతో మంచం పట్టి ఒక ఆదివారం రాలేదు. వారం మధ్యలో క్యాంటీను యంత్రం చతికిలబడింది. భోజనం చీటీలు ఆగిపోయి, ఆకలి మీదున్న డ్రైవర్లు కౌంటరు ముందు గోల పెట్టారు. బాబాయి వెళ్ళి దాని పొట్ట తెరిచి చూస్తే, అందులో ఒక ప్రోగ్రాము యంత్రం జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా మింగుతూ, మింగింది తిరిగి ఇవ్వకుండా కూర్చుని ఉంది. ఆదివారం రాగానే మరదలు ఆపి లేపడంతో దాని పొట్ట ఖాళీ అయిపోయేది. మళ్ళీ మింగడం మొదలుపెట్టేది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, వారానికొకసారి ఇల్లు కడిగేసరికి అడుగుల జాడ కనబడలేదు.

"చూశావా," అన్నాడు బాబాయి, మూడు వీధులకు వినబడేలా. "నీ జోలపాట జబ్బు తగ్గించలేదు. దుప్పటి కప్పింది."

"ఒప్పుకున్నాను బావా," అంది మరదలు. ఆ తరవాత యంత్రాలను ఆపే ముందు, ఏది ఎంత మింగిందో చూసుకోవడం మొదలుపెట్టింది. ఆపడం మాత్రం మానలేదు.

బాబాయి ఆ గెలుపును ఏడాది పొడుగునా చెప్పుకున్నాడు. చెప్పనిది ఒకటుంది. పెద్దాయనను ఆపకపోవడానికి గొప్ప ఒక్కటే కారణం కాదు. భయం. ఇన్నేళ్ళుగా ఏ మార్పు కావాలన్నా, నడుస్తున్న పెద్దాయన చెవిలో అప్పటికప్పుడు చెప్పి చేయించాడు. కొత్త దారి వచ్చిందా, చెవిలో చెప్పు. డ్రైవరు మారాడా, చెవిలో చెప్పు. లేచిన ప్రతిసారీ ఏం చెయ్యాలో యంత్రం తనలో రాసి ఉంచుకునే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ మొదటి రోజు రాసిందే ఉంది. ఆపితే, లేచాక పెద్దాయనకు ఎంత గుర్తుంటుందో బాబాయికి తెలియదు. ఒక్క ఏడాదయ్యాక ఆపి ఉంటే చిన్న భయంతో పోయేది. ఏటా వాయిదా వేసేసరికి అది ఆయనతో పాటే పెద్దదయింది. ఇప్పుడు ఆయన రిటైరయ్యే నెల కూడా వచ్చేసింది.

సరిగ్గా ఆ నెలలోనే కరెంటు పనివాడు మేడంతా తిరిగి చూసి, గోడల్లో తీగల తొడుగు పెంకులు పెంకులుగా ఊడుతోందని, ఒక ఆదివారం పగలంతా కరెంటు తీసేసి కొత్తవి వెయ్యాలని తేల్చాడు. మేనేజరు బాబాయిని పిలిచాడు.

"బాబాయిగారూ, పెద్దాయన్ని ఆవరణకు అటుపక్క కొత్త గదిలోకి మార్చేద్దాం. ఆపడం, మొయ్యడం, మళ్ళీ పెట్టడం. గంట పని."

బాబాయి తల ఊపాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఉప్పు తక్కువైనా అడగలేదు. పక్కింటావిడ వచ్చి, "అన్నయ్యగారికి ఒంట్లో బాగుందా?" అని పరామర్శించి వెళ్ళింది.

మర్నాడు మరదలు మూలగదికి వచ్చింది. "బావా, ముందుగానే ఒకసారి ఆపి చూద్దామా? నేనూ పక్కనే ఉంటాను."

"నేను వెళ్ళేదాకా ఆగదు. వెళ్ళాక నీ ఇష్టం, ఏ పాటైనా పాడుకో."

ఆమె నవ్వలేదు. "అంటే, ఆగేదేదో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆగాలన్నమాట. చెవిలో ఏం చెప్పావో చెప్పడానికి నువ్వు లేనప్పుడు."

ఆ మాట బాబాయికి ముల్లులా దిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టకపోతే మానె, తెల్లారేసరికి ఉపాయం మాత్రం తట్టింది. అది భయం నుంచి పుట్టినా, గొప్ప బట్టలు వేసుకుని బయటికొచ్చింది.

"పెద్దాయన్ని ఆపకుండానే తీసుకెళ్తాం!" అన్నాడు మేనేజరు గదిలో.

పిచ్చి మాటలా ఉన్నా కుదిరే పనే. పెద్దాయనకు కరెంటు తీగలు రెండు. ఒకటి గోడలో ఉండగా రెండోదాన్ని పెద్ద బ్యాటరీ పెట్టెకు తగిలించవచ్చు. ఆ తరవాత గోడలోది పీకినా ప్రాణం పోదు. ఇక ఊరితో మాట్లాడే తీగ. దాన్ని కిటికీలోంచి ఆవరణ దాకా వదిలారు. మొత్తం ఎంత పొడుగో కొలవబోయిన టేపు సిగ్గుతో చుట్టుకుపోయిందని బాబాయి తరవాత చెప్పాడు. కాకి ఒకటి ఆ తీగ మీద వాలి, అటు చివర ఉన్న తన చుట్టాన్ని పలకరించిందట. దానికి సాక్షులు లేరు.

ఊరేగింపుకు మాత్రం డిపో అంతా సాక్షి. కరెంటు తీసే రోజుకు వారం ముందు ఆదివారం మధ్యాహ్నం, టైర్లు తోసే బండి మీద పాత పరుపు వేసి, దాని మీద పెద్దాయనను కూర్చోబెట్టారు. మెట్ల మీద డ్రైవర్లే భుజం పట్టారు. మూడో నంబరు బస్సు డ్రైవరు ముందు నడుస్తూ దారిలో రాళ్ళు ఏరేశాడు. వెనక బ్యాటరీ పెట్టెతో ఇద్దరు, తీగ విప్పుతూ మరదలు. అందరికంటే ముందు బాబాయి వెనక్కి నడుస్తూ, "కుదుపొద్దు! పెళ్ళికొడుకనుకో!" అని అరుస్తున్నాడు.

"పెళ్ళికొడుకైతే ఇంత మోత పెట్టడు బాబాయ్," అన్నాడు డ్రైవరు. "మామగారనుకుంటాను."

ఒక గుంత దగ్గర బండి తూలి, పెద్దాయన గొంతు మారింది. అందరూ బండి ఆపి చెవులు రిక్కించారు. మళ్ళీ మామూలు హోరు అందుకుంది. కొత్త గదిలో ఒక తీగ గోడకు, తరవాత రెండోదీ గోడకు. అక్కడ పెద్దాయన కోసం విడిగా వెయ్యాల్సిన లైను మర్నాడు వేస్తానని కరెంటు పనివాడు అనడంతో, ఈ ఒక్క రోజుకూ మామూలు స్విచ్చుల వరసకే తగిలించారు. బోర్డు మీద బస్సులన్నీ సరిగ్గా కనబడుతున్నాయి. చప్పట్లు మోగాయి. మేనేజరు బాబాయిని కౌగిలించుకున్నాడు. అందరూ టీకి బయల్దేరారు.

బాబాయి చివర బయల్దేరాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి పెద్దాయనను ఒకసారి తృప్తిగా చూసుకున్నాడు. బయటికి అడుగు వేశాడు. ఆయన అరచెయ్యి, పిన్ని దగ్గర చదువుకున్న ఆ అరచెయ్యి, గోడ మీద స్విచ్చుల వరసను ఒక్క ఊపులో దువ్వేసింది.

నాలుగడుగులు వేశాక ఏదో తేడాగా అనిపించింది. ఎండ అలాగే ఉంది. పిచ్చుకల అరుపులు వినబడుతున్నాయి. ఆయనకు పిచ్చుకలు వినబడి ఎన్నేళ్ళయిందో. హోరు లేదు. బాబాయి తన అరచేతిని కళ్ళ ముందుకు తెచ్చుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

మరదలు టీ పట్టుకుని ఎదురొచ్చింది. ఆయన ముఖం చూసి ఆగిపోయింది. కరెంటు పనివాడు పక్కనే తీగలు చుట్టుకుంటున్నాడు. "ఇతని నిర్వాకమే" అని ఒక్క మాటంటే జనం నమ్మేవాళ్ళు. కోతలకు పేరుమోసిన బాబాయికి, సమయానికి ఒక్క కోత కూడా నోట రాలేదు.

"నేనే ఆపేశానే," అన్నాడు, మామూలు మనుషుల గొంతుతో.

మరదలు గోడ వైపు చూసింది. స్విచ్చులు చూసింది. ఆయన చెయ్యి చూసింది. ముందు పెదవి బిగబట్టింది గానీ లాభం లేకపోయింది. టీ ఒలికేదాకా నవ్వింది. "అక్క... అక్క గెలిచింది బావా!" నవ్వు ఆపుకుని, గ్లాసు కింద పెట్టి, "పద. నువ్వున్నప్పుడే ఆగింది. అదృష్టం," అంది.

స్విచ్చు వేశారు. పెద్దాయన మూలిగాడు. డిస్కులన్నీ ఒక్కొక్కటే తడుముకున్నాడు. ఆ తడుముకోవడం అయ్యేలోపు బాబాయి గోళ్ళన్నీ కొరుక్కుని, మరదలి గోళ్ళ వైపు చూడసాగాడు. చివరికి తెర వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపు మూడో నంబరు డ్రైవరు గేటు బోర్డు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్! నా బస్సు సినిమా హాలుకు పొమ్మంటోంది!"

సినిమా హాలు కూల్చేసి అక్కడ ఆసుపత్రి కట్టారు. ఆ ఆసుపత్రికి కూడా ఒకసారి రంగు వెలిసి మళ్ళీ వేశారు.

"అదొక్కటేనా? డ్యూటీలో నా పేరు లేదు, మా నాన్న పేరుంది. ఆయనేమో ఇంట్లో మనవరాలికి జడ వేస్తున్నాడు!"

పెద్దాయన మొదటి రోజులోకి లేచాడు. కొత్త వివరాలన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి. లేవగానే ఏ మూట విప్పాలో మాత్రం ఆ మొదటి రోజు మాటే గుర్తుంది. ఇవాళ్టి డ్రైవర్ల దగ్గర పొద్దున తీసుకున్న కాగితాలున్నాయి కాబట్టి ఇవాళ్టికి గండం లేదు. రేపు పొద్దున్నకే చిక్కు. చెవిలో చెప్పినవన్నీ ఈలోగా మళ్ళీ చెప్పాలి. ఈసారి రాసే చోట రాయాలి.

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "ఎన్నని గుర్తుంటాయే? వానలో ఆకుల్లా వందలు."

"నీకు గుర్తులేకపోతే నాకు గుర్తున్నాయి," అంది మరదలు కుర్చీ లాక్కుని. "నా చిన్నప్పటి నుంచి నీ గొప్పలు వినని భోజనం తిన్నానా నేను? వానరోజు కథ చెప్పు. నువ్వు పీకల్లోతు నీళ్ళలో నిలబడి ఆఫీసును కాపాడిన కథ."

బాబాయి కళ్ళు వెలిగాయి. "ఆ రోజు వాన ఎలాంటిదనుకున్నావు! బస్టాపులో చేపలు వరసలో నిలబడి..."

"చేపలు తీసెయ్."

"చేపలు లేకుండానా?"

"చేపలు లేకుండా, పీకల్లోతు నీళ్ళు లేకుండా. ఏ తీగ తడిసింది, నువ్వేం మార్చావు, అంతవరకే."

జీవితంలో మొదటిసారి బాబాయి ఒక కథను కోత లేకుండా చెప్పాడు. కాగితాలు అచ్చువేసే యంత్రం తీగ తడిస్తే, డ్యూటీ కాగితాలను టికెట్ల కౌంటరు యంత్రానికి మళ్ళించాడు. అంతే. చెప్పేటప్పుడు అన్నం చప్పగా తింటున్నవాడిలా ముఖం పెట్టాడు. మరదలు అది రాసే చోట రాసింది. వంతెన విరిగినప్పటి కథ అయింది. ఒక దారిలో బస్సులన్నీ మాయమై తిరిగొచ్చిన కథ అయింది. రాక్షసులను, మెరుపులను, తనను మెచ్చుకున్న పెద్దమనుషులను ఒక్కొక్కర్నీ బయటికి తోసేస్తే, ప్రతి కథ అడుగునా చిన్న పనికొచ్చే మార్పు ఒకటి మెరుస్తూ కనబడింది. ఇన్నేళ్ళూ గొప్పల కోసం చెప్పిన కథలే లేకపోతే, అవి ఆ రోజు ఎవరికీ దొరికేవి కావు.

ఎండ దిగేసరికి రేపటి జాబితా దాదాపు సరిపోయింది. ఒక్కటే మిగిలింది. అన్నిటికంటే ముందు బయల్దేరే బస్సు, ఆసుపత్రి నర్సులను దింపేది, జాబితాలో లేదు. బస్సుంది, డ్రైవరున్నాడు, దారి ఉంది. కాగితంలోకి మాత్రం రావడం లేదు. బాబాయి కథల సంచి అడుగుదాకా దులిపాడు. ఏమీ రాలలేదు. మరదలు ఫోను తీసి అక్కకు కలిపింది.

"అక్కా, నర్సుల బస్సు గురించి బావ నీకెప్పుడైనా చెప్పాడా?"

"ఎందుకు చెప్పలేదు? కంచం ముందు నుంచి లేచి పరిగెత్తారుగా, నేను ఒళ్ళు మండి చెయ్యి కడిగేసుకున్న రోజు," అంది పిన్ని. ఫోను బయటికే వినబడుతోంది. ఆ ఇంట్లో ఆమెకూ గొంతు పెంచుకోక తప్పలేదు. "ఆ బస్సు మరీ పొద్దున్నే కదా, యంత్రం దాన్ని ముందురోజు లెక్కలో వేసేస్తోందట. రోజు మొదలయ్యే వేళను ఆ బస్సు వేళ కంటే ముందుకు జరిపానన్నారు. వచ్చాక మూడుసార్లు చెప్పారు. నేను పలకలేదు. విన్నాను మాత్రం. ఇంతకీ ఇప్పుడెందుకు?"

మరదలు బావ వైపు చూసింది. బావ బతిమాలుతున్నట్టు చూశాడు.

"వచ్చాక ఆయనే చెప్తాడు అక్కా. నీకు చాలా బాగా నచ్చే కథ."

రోజు మొదలయ్యే వేళ మార్చారు. నర్సుల బస్సు జాబితా పైన వచ్చి కూర్చుంది. బాబాయి గుండెల మీది బరువు దింపుకుని లేచాడు. "పద, ఇంటికి."

"ఇంకొక్కటి ఉంది," అంది మరదలు. "ఇప్పుడు మళ్ళీ ఆపి లేపాలి."

"మళ్ళీయా? బాగానే ఉన్నాడుగా!"

"మధ్యాహ్నమూ బాగానే ఉన్నాడు. రాసింది సరిగ్గా రాశామో లేదో లేస్తేనే తెలుస్తుంది. జబ్బు దాచడానికి కాదు బావా. లేస్తాడో లేదో చూడటానికి."

బాబాయి చాలాసేపు పెద్దాయన హోరు విన్నాడు. పొద్దున్నే డ్యూటీ కాగితం కోసం ఈ పిల్ల ఒక్కతే ఇక్కడ నిలబడి ఉండటం ఆయనకు కళ్ళకు కట్టింది. గోడ వైపు నడవలేదు. పద్ధతిగా తెర ముందు కూర్చుని, పద్ధతిగా ఆపమని చెప్పాడు. హోరు తగ్గి, సన్నబడి, ఆగింది. గదిలోకి పిచ్చుకల గొంతులొచ్చాయి.

"ఇక లేపు," అంది మరదలు.

ఈసారి తడుముకోవడం తక్కువైంది. తెర వెలిగింది. బయట గేటు దగ్గర బోర్డు కింద కాపు కాసిన మూడో నంబరు డ్రైవరు గట్టిగా కేకవేశాడు. "ఆసుపత్రి! నా పేరే! మా నాన్నకు రిటైర్మెంటు మళ్ళీ వచ్చేసింది బాబాయ్!"

బాబాయి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కళ్ళజోడే తుడుచుకున్నానని తరవాత గట్టిగా చెప్పాడు. అది కోత అని మరదలికి తెలుసు. వెళ్ళేటప్పుడు స్విచ్చుల పక్కనుంచి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నడిచాడు.

నెలాఖరుకు ఆయన రిటైరయ్యాడు. ప్రతి ఆదివారం ఆపాలని మరదలు, నెలకొకసారి చాలని బాబాయి వీడ్కోలు టీ తాగుతూ కూడా కొట్లాడుకున్నారు. పెద్దాయనకు నెలకొకసారి అని, ఆపే ముందు ఏది ఎంత మింగిందో తప్పకుండా చూడాలని తేలింది. రెండో షరతు తనదే కాబట్టి తానే గెలిచానని బాబాయి ఊరంతా చెప్పుకున్నాడు. అరచేతి సంగతిని మాత్రం పిన్ని ఊరంతా చెప్పింది. ఆమె చెప్పిన కథలో కోత ఒక్కటి కూడా లేదు. అవసరం పడలేదు.

తరవాతి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఫోను మోగింది. పిన్ని తీసింది.

"అక్కా, పెద్దాయన లేచాడని బావకు చెప్పు. అన్నీ సరిగ్గా ఉన్నాయి."

పిన్ని గదిలోకి తొంగిచూసింది. కిటికీ తెర వేసి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఇన్నేళ్ళలో పగటిపూట కన్ను మూయని మనిషి, నోరు కొద్దిగా తెరిచి, చెయ్యి పొట్ట మీద వేసుకుని గాఢంగా నిద్రపోతున్నాడు.

"మీ బావ ఇంకా లేవలేదే," అంది పిన్ని గొంతు తగ్గించి. తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను స్విచ్చు మీదికి అలవాటుగా పోయిన తన చేతిని వెనక్కి తీసుకుంది.